పబ్లికేషన్లు సున్నా, చేతిలో ఒక అన్‌పెయిడ్ రీసెర్చ్ ఆఫర్: ఈ సెప్టెంబర్‌లోనే అప్లై చేయనా, ఏడాది ఆగనా?

నైట్‌డ్యూటీ_నిద్రమొహం | జూన్ 9

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదివి వెళ్ళిపోవడమే తప్ప ఒక్క ముక్క కూడా రాయలేదు. ఇవాళ రాయక తప్పడం లేదు. ఇంట్లోవాళ్ళకు నా సమస్య ఏంటో అర్థం కాదు, అర్థమయ్యే ఫ్రెండ్స్ అందరూ నాలాగే తలలు పట్టుకుని కూర్చున్నారు.

నా సంగతి ఇదీ. అమెరికాలో రెసిడెన్సీకి (అక్కడి పీజీ శిక్షణ) అప్లై చేయాలి. ఇంటర్న్‌షిప్ 2023లో అయిపోయింది. దానికి రాయాల్సిన పరీక్షల్లో స్టెప్ 1 మొదటిసారికే పాస్, స్టెప్ 2 సీకే 246, ఇంగ్లీషు పరీక్ష ఓఈటీ కూడా అయింది. అమెరికాలో రెండు నెలలు అబ్జర్వర్‌షిప్ (డాక్టర్ల పక్కనుండి పని చూడటం) చేశాను. అక్కడ ఇద్దరు డాక్టర్లు సిఫార్సు లెటర్లు ఇస్తామన్నారు, ఒకరు అప్‌లోడ్ కూడా చేసేశారు. నాకు కావాల్సింది ఇంటర్నల్ మెడిసిన్. వీసా కావాలి.

రీసెర్చ్ కాలమ్ దగ్గరికొచ్చేసరికి ఖాళీ. ఇంటర్న్‌గా ఉన్నప్పుడు ఒక పోస్టర్ పెట్టాం, స్క్రబ్ టైఫస్‌తో (చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం) మయోకార్డైటిస్ (గుండె కండరం వాపు) వచ్చిన కేసు. అది లెక్కలోకి కూడా రాదనుకోండి.

ఈ ఏడాది మొదట్లో 140 మంది డాక్టర్లకు మెయిళ్ళు పంపాను. తొమ్మిది మంది జవాబిచ్చారు, అందులో ఎనిమిది "ప్రస్తుతం ఖాళీ లేదు". ఒక హార్ట్ ఫెయిల్యూర్ స్పెషలిస్ట్ మాత్రం వీడియో కాల్‌లో అరగంట మాట్లాడి, ఏడాదిపాటు వచ్చి తన టీమ్‌లో పనిచేయమన్నారు. జీతం ఉండదు. అద్దె, తిండి, ఇన్సూరెన్స్ అన్నీ నావే. నాన్న "డబ్బు సంగతి నేను చూసుకుంటాలే" అన్నారు, కానీ ఆ మాట అనేముందు ఎంతసేపు ఆగారో నాకు తెలుసు.

ఇంకోవైపు నేనున్న ఒక టెలిగ్రామ్ గ్రూపులో రోజూ "స్లాట్లు" అమ్ముతున్నారు, అంటే డబ్బు కడితే వేరేవాళ్ళ పేపర్‌లో మన పేరు ఆథర్‌గా వేస్తారు. రెండో ఆథర్ 300 డాలర్లు, ఐదో ఆథర్ 120. నెలలో అక్సెప్టెన్స్ గ్యారంటీ అట. నా బ్యాచ్‌మేట్ ఒకమ్మాయి నాలుగు తీసుకుంది. "నువ్వొక్కదానివే నీతిమంతురాలివా, అందరూ చేసేదే కదా" అంటోంది.

అడగాల్సినవి మూడు. ఇంటర్నల్ మెడిసిన్‌కు సున్నా పేపర్లతో వెళ్తే అసలు చూస్తారా? ఆ ఏడాది రీసెర్చ్ కోసం ఈ సీజన్ వదిలేయవచ్చా? ఆ స్లాట్ల మీద మీ అభిప్రాయం ఏంటి? తిట్టినా పర్లేదు, నిజం చెప్పండి.


సోడియం_128 | జూన్ 9

ఇంటర్నల్ మెడిసిన్ రెండో ఏడాది రెసిడెంట్‌ని. నేనూ ఐఎంజీనే (అమెరికా బయట మెడిసిన్ చదివినవాణ్ణి), జే-1 వీసా మీద ఉన్నాను. మా ప్రోగ్రాంలో క్యాండిడేట్లతో రెసిడెంట్లు కూడా మాట్లాడతారు, పోయిన సీజన్‌లో నేనూ కూర్చున్నాను. పెద్ద యూనివర్సిటీ ప్రోగ్రాం కాదు మాది, ఆ సంగతి గుర్తుంచుకుని చదవండి.

ముందు పేపర్ల లెక్క గురించి. నేను అప్లై చేసినప్పుడు నా ఫైల్‌లో 11 ఐటమ్‌లు ఉండేవి. ఎంత గర్వపడ్డానో చెప్పలేను. ఒక ఇంటర్వ్యూలో ఒకాయన ఆ 11లోంచి సరిగ్గా నేను ఏమీ చేయనిదాన్నే వేలుపెట్టి పట్టుకున్నారు. అదొక మెటా అనాలిసిస్ (చాలా స్టడీల ఫలితాలను కలిపి లెక్కకట్టడం), నేను నాలుగో ఆథర్‌ని. "హెటెరోజెనిటీ (స్టడీల మధ్య తేడా) 84 శాతం ఉంది కదా, అయినా అన్నిటినీ కలిపి ఒకే అంకె ఎందుకు తీశారు?" అన్నారు. ఏం కోపంగా కాదు, మామూలుగానే అడిగారు. నేను నీళ్ళు నమిలాను. ఆ పేపర్‌లో నేను చేసింది రిఫరెన్సుల ఫార్మాట్ సరిచేయడం. ఆ మాట అక్కడే చెప్పేసి ఉంటే బతికిపోయేవాణ్ణి. అదీ చెప్పకుండా "రాండమ్ ఎఫెక్ట్స్ వాడాం కదా సర్" అని ఏదో అన్నాను. ఆయన తలూపి పేజీ తిప్పారు. ఆ ప్రోగ్రాంలో నాకు సీటు రాలేదు. దాని వల్లే రాలేదని అనను, కానీ ఆ తలూపడం మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇంకోచోట దీనికి పూర్తి రివర్స్. నా ఫైల్‌లో ఒక చిన్న చార్ట్ రివ్యూ ఉంది, పేపర్ కూడా కాలేదు, ఒక మీటింగ్‌లో పోస్టర్ అయింది అంతే. సోడియం బాగా తక్కువగా ఉండి అడ్మిట్ అయిన 214 మంది చార్టులు నేనొక్కణ్ణే చదివాను. మొదటి 24 గంటల్లో సోడియం 8కి మించి ఎంతమందికి పెరిగింది, ఎన్ని గంటలకోసారి మళ్ళీ రక్తం తీశారు, ఇదే ప్రశ్న. సగం పని అయ్యాక తప్పు చేశానని తెలిసింది. శాంపిల్ తీసిన టైం బదులు కొన్ని చార్టుల్లో రిజల్ట్ వచ్చిన టైం ఎక్కించాను. రెండిటికీ మధ్య ఒక్కోసారి రెండు గంటలు తేడా. ఏ చార్టుల్లో అలా చేశానో గుర్తులేదు కాబట్టి మొదటినుంచీ అన్నీ మళ్ళీ చూశాను. మూడు వారాలు పోయాయి.

ఆ ఇంటర్వ్యూయర్ నెఫ్రాలజిస్ట్. "ఇందులో నీకు కష్టమైందేంటి?" అని అడిగితే ఈ టైం గొడవ చెప్పాను. ఆయన కుర్చీలో ముందుకు జరిగి, "మా దగ్గర కూడా ల్యాబ్ టైంతోనే తంటా" అని తన కథ మొదలుపెట్టారు. పదిహేను నిమిషాల ఇంటర్వ్యూలో పన్నెండు నిమిషాలు సోడియమే. ఇప్పుడు నేను పనిచేస్తున్నది అక్కడే. ఈ యూజర్‌నేమ్ కూడా దాని పుణ్యమే.

మీ మొదటి ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. మా ప్రోగ్రాంలో మొదటి వడపోత పబ్లికేషన్ల మీద జరగదు. సీకే స్కోరు, ఎన్నిసార్లు రాశారు, చదువు అయి ఎన్నేళ్ళయింది, వీసా. వీటి తర్వాత లెటర్లు చదువుతారు. 2022 జనవరి 26 నుంచి స్టెప్ 1 పాస్ ఫెయిల్ అయ్యాక అందరి కళ్ళూ సీకే మీద పడ్డాయి, రీసెర్చ్ మీద ఆత్రం కూడా అప్పుడే పెరిగింది, ఒప్పుకుంటాను. కానీ ఇంటర్నల్ మెడిసిన్‌లో, అందులోనూ కమ్యూనిటీ ప్రోగ్రాముల్లో, 246తో అమెరికా లెటర్లు ఉన్న ఫైల్‌ని పేపర్లు లేవని పక్కన పడేయడం నేను చూడలేదు. పెద్ద అకడమిక్ సెంటర్ల సంగతి వేరు, అక్కడ రీసెర్చ్ గట్టిగానే చూస్తారు.

రెండోది. సీజన్ వదలొద్దు. 2023లో ఇంటర్న్‌షిప్ అయింది అంటున్నారు. గ్రాడ్యుయేషన్ అయి మూడేళ్ళు దాటితే చూడని ప్రోగ్రాములు ఉన్నాయి, ఐదేళ్ళ దాకా చూసేవి ఉన్నాయి. మీరు రీసెర్చ్ చేస్తున్నా గడియారం ఆగదు. 2024 మ్యాచ్‌లో (రెసిడెన్సీ సీట్లు కేటాయించే పద్ధతి) అమెరికా పౌరులు కాని ఐఎంజీల్లో సీటు దొరికింది 58.5 శాతం మందికి. మొదటి ప్రయత్నంలో రాకపోతే అప్పుడు ఆ ఏడాది ఎలాగూ చేతిలో ఉంటుంది.

స్లాట్ల గురించి నేను రాస్తే ఉపన్యాసం అవుతుంది. ఎవరైనా కొనుక్కున్నవాళ్ళు చెబితే బాగుంటుంది.

ఒకటి అడుగుతాను. ఆ స్క్రబ్ టైఫస్ కేసులో ఎస్కార్ (పురుగు కుట్టినచోట నల్ల మచ్చ) దొరికిందా? ఎవరు చూశారు?


సిగ్నల్స్_అయిపోయాయి | జూన్ 10

పైన అన్నగారు మంచి మాటలే చెప్పారు గానీ, ఆయన 11 ఐటమ్‌లతో వెళ్ళి సీటు కొట్టి ఇప్పుడు లెక్క ముఖ్యం కాదంటున్నారు. నేను గుండు సున్నాతో వెళ్ళాను, సీకే 239, రెండే ఇంటర్వ్యూలు వచ్చాయి, మ్యాచ్ కాలేదు. రెండిట్లోనూ "రీసెర్చ్ ఏం చేశారు?" అని అడిగారు. కడుపు నిండినవాడి మాటలు వేరు, ఆకలి వేసేవాడి మాటలు వేరు.


సోడియం_128 | జూన్ 10

ఒప్పుకుంటున్నాను. సున్నాకూ ఒకటికీ మధ్య తేడా చాలా పెద్దది. ఒకటికీ పదకొండుకూ మధ్య తేడా ఇంటర్నల్ మెడిసిన్‌లో అందరూ అనుకునేంత లేదు. నేను చెప్పాల్సింది ఇలా చెప్పి ఉండాల్సింది. రెండిట్లోనూ అడిగారంటే మీరు ఏం చెప్పారో తెలుసుకోవాలని ఉంది, నొప్పించాలని కాదు.


పేరు_వద్దులెండి | జూన్ 10

కొనుక్కున్నవాడు కావాలన్నారు కదా, వచ్చాను.

రెండేళ్ళ కిందట రెండు స్లాట్లు తీసుకున్నాను. ఎవరి దగ్గర, ఏ జర్నల్, అవన్నీ రాయను. ఒకటి ఆరో ఆథర్, ఒకటి మూడో ఆథర్. డబ్బు పంపాక ఫైనల్ డ్రాఫ్ట్ కూడా చూపించలేదు, పేరు స్పెల్లింగ్, ఓర్కిడ్ నంబర్ (రీసెర్చ్ చేసేవాళ్ళ ఐడీ) అడిగారు, అంతే. మూడో ఆథర్‌గా ఉన్న పేపర్ నేషనల్ ఇన్‌పేషెంట్ శాంపిల్ అనే అమెరికా ఆస్పత్రుల డేటా మీద. ఆ డేటా ఏంటో కూడా అప్పుడు నాకు తెలియదు.

ఇంటర్వ్యూలో ఒకావిడ "ఎంతమంది పేషెంట్లు?" అన్నారు. నేను అబ్‌స్ట్రాక్ట్‌లో ఉన్న అంకె గడగడా చెప్పేశాను. ఆవిడ, "ఆ డేటాలో వరుసలు పేషెంట్లు కాదు కదా, అడ్మిషన్లు కదా. ఒకే మనిషి ఏడాదిలో మూడుసార్లు చేరితే మూడు వరుసలు. మీరు పేషెంట్లు అంటున్నారేంటి?" అన్నారు. ఆ డేటాతో ఒక్కసారైనా పనిచేసినవాడికి ఇది అ ఆల లాంటిది. నా మొహం చూసి ఆవిడకు అంతా అర్థమైపోయింది. మిగతా టైం వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

అసలు భయం అది కాదు. ఆరో ఆథర్‌గా ఉన్న పేపర్ మీద డిసెంబర్‌లో జర్నల్ వాళ్ళు విచారణ మొదలుపెట్టారు, ఆథర్లలో సగంమంది ఒకరికొకరు తెలియదని బయటపడింది. పేపర్ రిట్రాక్ట్ అయింది, అంటే జర్నల్ దాన్ని వెనక్కి తీసుకుంది. అప్పటికి నా అప్లికేషన్ అన్ని ప్రోగ్రాములకూ వెళ్ళిపోయింది. అందులో ఉన్నదంతా నిజమని మనమే సర్టిఫై చేసి సబ్మిట్ చేస్తాం కదా, గుర్తుందా ఆ బాక్స్? దాన్ని టిక్ చేసిన వేలు నాది. ప్రోగ్రాములకు నేనే మెయిల్ పెట్టి చెప్పాలా, నోరు మూసుకుని ఉండాలా అని మార్చి దాకా నిద్ర లేదు. మ్యాచ్ ఫలితాలొచ్చే మూడో శుక్రవారం కాదు, అంతకుముందు సోమవారమే తెలిసిపోయింది, సీటు లేదని.

ఆథర్ అంటే ఏంటో రాసిపెట్టిన నియమం ఒకటి ఉంది, మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీది. పనిలో గట్టి పాలు ఉండాలి, రాయడంలోనో సరిదిద్దడంలోనో చెయ్యి ఉండాలి, చివరి ప్రతిని ఒప్పుకుని ఉండాలి, రేపు ప్రశ్న వస్తే బాధ్యత పడాలి. నాలుగూ ఉండాలి, ఏదో ఒకటి కాదు. నాకు నాలుగులో ఒక్కటీ లేదు.

మీ బ్యాచ్‌మేట్‌కు ఈ పోస్ట్ చూపించండి. ఆవిడ నన్ను తిట్టుకున్నా పర్లేదు.


రెండోఏడు_ల్యాబ్‌లోనే | జూన్ 11

నేను న్యూరోసర్జరీ కోసం రీసెర్చ్ చేస్తున్నాను, రెండో ఏడాది, అదీ అన్‌పెయిడ్‌గానే మొదలుపెట్టాను. ఇక్కడ రెండు వేరు ప్రపంచాలు కలిసిపోతున్నాయనిపించి రాస్తున్నాను.

మీరు నెట్‌లో చూసి భయపడే అంకెలు మావి, మీవి కావు. 2022 మ్యాచ్‌లో న్యూరోసర్జరీలో సీటు వచ్చిన అమెరికన్ ఎండీ విద్యార్థుల సగటు 25.5. అది వినగానే ఇరవై ఐదు పేపర్లు రాశారు కాబోలు అనుకుంటారు. కాదు. మ్యాచ్ నడిపే సంస్థ ఎన్‌ఆర్‌ఎంపీ ఆ లెక్కలో అబ్‌స్ట్రాక్టులు, ప్రెజెంటేషన్లు, పబ్లికేషన్లు అన్నీ ఒకే గంపలో వేస్తుంది. ఒకే పనిని ఒక చిన్న మీటింగ్‌లో పోస్టర్‌గా, ఒక పెద్ద మీటింగ్‌లో టాక్‌గా, చివరికి పేపర్‌గా పెడితే మూడు. పైగా అది మాలాంటి సర్జికల్ బ్రాంచి, పోటీ చావగొట్టే బ్రాంచి. ఇంటర్నల్ మెడిసిన్ వాళ్ళు ఈ అంకె చూసి నిద్ర మానుకోవడం పక్కింట్లో పెళ్ళికి మనింట్లో పందిరి వేసుకోవడమే.

ఇక అన్‌పెయిడ్ ఏడాది నిజంగా ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే దీని గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. మొదటి నెలన్నర మీకు పనే ఉండదు. హాస్పిటల్ ఐడీ రావాలి, సిటీ (CITI) ట్రైనింగ్ అని రీసెర్చ్ నియమాల ఆన్‌లైన్ కోర్సులు చేయాలి, ఐఆర్‌బీ (ఎథిక్స్ కమిటీ) ప్రోటోకాల్‌లో మీ పేరు చేర్చాలి, ఆ తర్వాత గానీ చార్టులు తెరవనివ్వరు. ఆ తర్వాత రోజంతా రెడ్‌క్యాప్ అనే డేటా సాఫ్ట్‌వేర్‌లో గళ్ళు నింపుతూ కూర్చుంటారు. పేపర్ అనేది ఎక్కడో అడ్డరోడ్డు చివర కనిపిస్తుంటుంది. జూలైలో చేరితే సెప్టెంబర్ అప్లికేషన్‌కు మీ చేతిలో ఏమీ ఉండదు, ఆ తర్వాతి సెప్టెంబర్‌కు ఉంటుంది. అంటే ఒక ఏడాది అని మీరు అనుకునేది మ్యాచ్ లెక్కలో దాదాపు రెండేళ్ళు. నాన్నగారితో మాట్లాడేటప్పుడు ఈ లెక్క చెప్పండి.

వీసా విషయం గట్టిగా అడగండి. ఆ సంస్థ డీఎస్-2019 (జే-1 వీసాకు కావాల్సిన ఫారం) ఇచ్చి జే-1 రీసెర్చ్ స్కాలర్‌గా తీసుకుంటుందా, లేక "టూరిస్ట్ వీసా మీద వచ్చేయండి, చూద్దాం" అంటున్నారా? రెండోదైతే దండం పెట్టి వెనక్కి రండి. మొదటిదైతే, జీతం లేదు కాబట్టి ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు ఉందని ముందే చూపించాలి. ఆ జే-1 మీద పేషెంట్లకు వైద్యం చేయడానికి లేదు, అది పూర్తిగా రీసెర్చ్ వీసా. కాబట్టి "క్లినికల్ ఎక్స్‌పీరియన్స్ కూడా వస్తుంది" అని ఎవరైనా ఆశపెడితే నమ్మకండి.

ఇంత చెప్పీ, నేను వచ్చినందుకు బాధపడటం లేదు. నాకు దొరికింది పేపర్లు కాదు, మా పీఐ (రీసెర్చ్ నడిపే డాక్టర్). రోజూ పొద్దున్నే ఏడింటికి ఆయనతో పాటు స్కాన్లు చూస్తాను. ఆయన నా కోసం ఫోన్ ఎత్తి ఎవరితోనైనా మాట్లాడతారు. ప్రతి ప్రోగ్రాముకూ నాలుగు లెటర్లే పెట్టగలం, అందులో ఒకటి ఏడాదిపాటు రోజూ మనల్ని చూసిన మనిషి రాసింది అయితే దాని బరువు వేరు. వచ్చేముందు ఆ టీమ్‌లో ఇంతకుముందు పనిచేసినవాళ్ళతో మాట్లాడండి. వాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారో అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు పీఐ ఇబ్బందిపడితే జవాబు మీకు దొరికినట్టే.


నైట్‌డ్యూటీ_నిద్రమొహం | జూన్ 14

అందరికీ థాంక్స్. పేరు_వద్దులెండి గారూ, మీ పోస్ట్ మూడుసార్లు చదివాను. బ్యాచ్‌మేట్‌కు పంపాను. ఒక రోజంతా మాట్లాడలేదు, రాత్రి ఫోన్ చేసి ఏడ్చింది. నాలుగులో రెండు ఇంకా సబ్మిట్ కాలేదట, వాటిలోంచి పేరు తీసేయమని రాసింది. డబ్బు తిరిగి రాదు.

ల్యాబ్ అన్నగారు చెప్పినట్టు డాక్టర్‌గారికి మళ్ళీ మెయిల్ పెట్టాను. డీఎస్-2019 ఇస్తారట. ఇంతకుముందు చేసినవాళ్ళ పేర్లు అడిగితే వెంటనే ముగ్గురి మెయిల్ ఐడీలు పంపారు, ఇద్దరు రెసిడెన్సీలో ఉన్నారు. కానీ నేను ఈ సీజన్ అప్లై చేస్తాననీ, రాకపోతే వచ్చి చేరతాననీ నిజం రాసేశాను. కోప్పడతారనుకున్నాను. "మంచి ఆలోచన, ఈలోగా దూరం నుంచే ఏదైనా చేస్తావా?" అన్నారు. చార్టులు బయటికి ఇవ్వరు కాబట్టి ఒక సిస్టమాటిక్ రివ్యూలో (ఒక ప్రశ్న మీద వచ్చిన పేపర్లన్నీ వెతికి చూడటం) స్క్రీనింగ్, అంటే పనికొచ్చే పేపర్లు ఏరే పని, ఇచ్చారు. మొదలుపెట్టకముందే అలాంటి రివ్యూల రిజిస్ట్రీ ప్రాస్పెరోలో రిజిస్టర్ చేయించారు. 1,870 టైటిళ్ళు, అబ్‌స్ట్రాక్టులు. ఇద్దరం ఒకరిది ఒకరు చూడకుండా విడివిడిగా చదవాలి, తేడా వస్తే మూడో మనిషి తేల్చాలి. రోజుకు వంద చదువుతున్నాను. కళ్ళు లాగేస్తున్నాయి.

సోడియం అన్నా, ఎస్కార్ గురించి అడిగారు. దొరికింది. నేనే చూశాను. ఆ పేషెంట్ జ్వరంతో చేరి నాలుగో రోజు, బీపీ పడిపోతోంది, ఎకోలో గుండె సరిగ్గా కొట్టుకోవడం లేదు, అందరూ వైరల్ అనుకున్నారు. రాత్రి రెండింటికి లైన్ పెట్టడానికి చెయ్యి పైకెత్తితే చంకలో నల్లగా, సిగరెట్‌తో కాల్చినట్టు చిన్న మచ్చ కనిపించింది. టెక్స్ట్‌బుక్ బొమ్మ గుర్తొచ్చి పీజీని లేపాను. తిడతారేమో అనుకున్నాను. ఆయన టార్చ్ వేసి చూసి అప్పుడే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టించారు. మనిషి బతికాడు. పోస్టర్‌లో నేను రెండో ఆథర్‌ని. ఇదంతా ఎందుకు అడిగారు?


సోడియం_128 | జూన్ 14

ఎందుకంటే మీ దగ్గర రీసెర్చ్ లేదని మీరే చెప్పుకుంటున్నారు కాబట్టి!

ఇక్కడ మా అటెండింగ్‌లలో (సీనియర్ డాక్టర్లు) చాలామంది స్క్రబ్ టైఫస్ పేరు పరీక్షలో చూసినవాళ్ళే, పేషెంట్‌లో చూసినవాళ్ళు కాదు. మీరు చెప్పిన ఆ రాత్రి గురించి వాళ్ళు గంటసేపు వింటారు. ఆ కేసును పోస్టర్‌తో వదిలేయకండి. కేస్ రిపోర్ట్‌గా రాయండి. అప్పటి పీజీని, యూనిట్ చీఫ్‌ను అడగండి, వాళ్ళను దాటి ఏమీ చేయకండి. కేస్ రిపోర్టులు రాయడానికి ఉన్న కేర్ (CARE) గైడ్‌లైన్స్ చెక్‌లిస్ట్ పక్కన పెట్టుకోండి. ముఖ్యంగా పేషెంట్ రాతపూర్వకమైన అనుమతి కావాలి, చాలా జర్నళ్ళు అది లేకుండా ముట్టుకోవు, పోస్టర్ అప్పుడు నోటిమాటతో సరిపెట్టి ఉంటారు. సెప్టెంబర్‌కు అక్సెప్ట్ కాకపోవచ్చు. సబ్మిట్ అయితే "సబ్మిటెడ్" అని పెట్టుకోవచ్చు, ఫారంలోనే ఆ వీలుంది. సబ్మిట్ కాకుండా మాత్రం పెట్టకండి. "రాస్తున్నాను" అనేది ఏ లెక్కలోకీ రాదు.

ఆ స్క్రీనింగ్ పనిని కూడా ఉన్నది ఉన్నట్టే రాయండి. రివ్యూ ఇంకా పూర్తికాలేదు కాబట్టి అది పబ్లికేషన్ కాదు, ఎక్స్‌పీరియన్స్. 2023లో మొదలైన సీజన్ నుంచి అప్లికేషన్‌లో ఎక్స్‌పీరియన్స్‌లు పదికి మించి పెట్టనివ్వడం లేదు, అందులో మూడింటిని మాత్రమే "మోస్ట్ మీనింగ్‌ఫుల్" అని ఎంచుకోవాలి. ఆ మూడింట్లో ఒకటి ఆ రాత్రి అవ్వాలి. అలాంటి ఒక్కోదాని గురించి రాయడానికి అదనంగా ఇచ్చేది 300 క్యారెక్టర్లు, స్పేసులతో కలిపి. పెట్టి చూపించండి, దిద్దుతాను.


సిగ్నల్స్_అయిపోయాయి | జూన్ 15

సోడియం అన్నా, ఆ రెండు ఇంటర్వ్యూల్లో ఏం చెప్పానని అడిగారు. "అవకాశం రాలేదు సర్" అన్నాను. రెండుచోట్లా అదే. ఇప్పుడీ ఎస్కార్ కథ చదువుతుంటే, నాకూ అలాంటివి రెండుమూడు ఉన్నాయని గుర్తొస్తోంది. టెటనస్ కేసు ఒకటి, పాముకాటు వార్డు లెడ్జర్ ఒకటి. లెడ్జర్ నేనే ఏడు నెలలు రాశాను. ఎవరూ రీసెర్చ్ అనలేదు, నేనూ అనుకోలేదు.


సోడియం_128 | జూన్ 15

ఏడు నెలల లెడ్జరా! అది ఇప్పుడు ఎక్కడుంది? మీ పాత డిపార్ట్‌మెంట్‌కు ఇవాళే ఫోన్ చేయండి. ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని చేస్తే అదొక మంచి రిట్రాస్పెక్టివ్ స్టడీ. విడిగా ఒక థ్రెడ్ పెట్టండి, ఇక్కడ ఈమె ప్రశ్న పక్కకు పోతుంది.


నైట్‌డ్యూటీ_నిద్రమొహం | ఆగస్టు 17

ఆలస్యమైంది, క్షమించండి. 1,870 అయిపోయాయి, ఫుల్ టెక్స్ట్ చదవాల్సినవి 63 మిగిలాయి. కేస్ రిపోర్ట్ పది రోజుల కిందట సబ్మిట్ చేశాం. పేషెంట్‌ను వెతికి పట్టుకోవడానికే మూడు వారాలు పట్టింది. ఫోన్ నంబర్ మారిపోయింది, చివరికి వాళ్ళ అబ్బాయి దొరికాడు. పేషెంట్ సంతకం పెడుతూ "ఆ రాత్రి డాక్టరమ్మేనా ఇది రాసింది?" అని అడిగారట. పీజీ సార్ చెప్పారు.

300 క్యారెక్టర్లలో రాసింది ఇది, తెలుగులో అర్థం పెడుతున్నాను, అసలుది ఇంగ్లీషులో 291 వచ్చింది:

"తీవ్రమైన మయోకార్డైటిస్ కేసు నిర్వహణలో పాల్గొనే అవకాశం నాకు లభించింది. ఈ అనుభవం ద్వారా పరిశీలన, టీమ్‌వర్క్ ప్రాముఖ్యత తెలుసుకున్నాను. ఇది నన్ను మంచి వైద్యురాలిగా తీర్చిదిద్దింది."

బాగుందా అన్నా?


సోడియం_128 | ఆగస్టు 17

చంక ఏది? రాత్రి రెండు ఏది? మీరు ఇక్కడ మాకు చెప్పినప్పుడు ఉన్న మనిషి ఇందులో లేదు. "పాల్గొనే అవకాశం లభించింది" కొట్టేయండి. "టీమ్‌వర్క్" కొట్టేయండి. ఆఖరి వాక్యం మొత్తం కొట్టేయండి. లైన్ పెట్టడానికి చెయ్యెత్తాను, మచ్చ చూశాను, పీజీని లేపాలా వద్దా అని తటపటాయించాను, లేపాను. ఇంతే రాయండి. మిగిలిన క్యారెక్టర్లలో డాక్సీసైక్లిన్ ఎన్నింటికి మొదలైందో పెట్టండి.


నైట్‌డ్యూటీ_నిద్రమొహం | ఆగస్టు 17

2:40కి. ఇప్పుడే కేస్ షీట్ ఫొటో చూశాను. మళ్ళీ రాసి రేపు పెడతాను.